సోమవారం కాడి వేయని ఇల్లు

ఈ ఉదయం కడపలో మా వంటింట్లో కుక్కర్ మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన గుప్పుమంది. చారు కోసం పెట్టుకున్నవే. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "ఏంటమ్మా ఈ కంపు!" అంటూ బాల్కనీలోకి పారిపోయింది. కంపట కంపు! నా చిన్నతనంలో కోయిలకుంట్ల పక్కన మా పల్లెలో ఆ వాసన వచ్చిందంటే తెల్లవారిందని లెక్క. ఎద్దుల కొట్టం ముందు మూడు రాళ్ల పొయ్యిలో కందికట్టె చిటపటమంటుంటే, మసిబారిన పెద్ద కుండలో మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, ఉలవలు ఉడికించేది. గింజలు ఎద్దులకు, కట్టు చారుకు, వేడివేడిగా ఉప్పూ ఎర్రగడ్డ ముక్కలూ చల్లిన గుప్పెడు గుగ్గిళ్లు మాకు. మనుషుల వంటకూ ఎద్దుల వంటకూ ఆ ఇంట్లో పెద్ద తేడా ఉండేది కాదు. కొన్నాళ్లకు అదే కుండలోంచి మా నాయనకు కూడా వేరే గిన్నె నిండా తీసిపెట్టడం మొదలైంది. ఎందుకంటే ఆయన సైకిల్ పందేల్లో పడ్డాడు.

నాయనకు కోయిలకుంట్లలో విత్తనాల అంగడి, ఊళ్లో నల్లరేగడి చేను, ఇంట్లో నేనూ నా తమ్ముడూ. వయసు నలభైకి దగ్గర పడుతున్న రోజుల్లో నంద్యాల దోవలో రంగురంగుల టోపీలు పెట్టుకుని గుంపుగా దూసుకుపోతున్న సైకిళ్లను చూశాడట. అంతే, మనిషికి నిద్ర పట్టలేదు. కర్నూలు పోయి, ఎవరో వాడిన గేర్ల సైకిల్ ఒకటి కొనుక్కొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. నిలబెట్టాడంటే గోడకు ఆనించాడు, దానికి స్టాండు లేదు. జేజి చుట్టూ తిరిగి చూసింది. "క్యారియర్ యాడరా?" అంది. లేదు. మడ్డుగార్డు? లేదు. గంట? అదీ లేదు. జేజి పుట్టిల్లు ఆదోని పక్క, నోట్లో కన్నడం మాటలు దొర్లుతుండేవి. "దుడ్లు పోసి సగం సైకిలు తెచ్చినాడు నా కొడుకు" అని ఊరంతా చెప్పుకుంది.

కర్నూలులో నాయనకు మస్తాన్ అని స్నేహితుడు ఉండేవాడు, మాకు మస్తాన్ మామ. కుర్రతనంలో పందేలు తొక్కిన మనిషి. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి వారమంతా ఏ రోజు ఎట్లా తొక్కాలో చెప్పేవాడు. ఒకరోజు దూరం, ఒకరోజు కల్వర్టు నుంచి కల్వర్టు దాకా ప్రాణం పోయేటట్టు తొక్కి మళ్లీ నెమ్మది పడటం, ఒకరోజు బనగానపల్లె దోవలో గుట్ట ఎక్కడం, ఒకరోజు పూర్తిగా విశ్రాంతి. నాయన అన్నీ తు.చ. తప్పకుండా చేసేవాడు, ఆ విశ్రాంతి ఒక్కటి తప్ప. విశ్రాంతి పనిలేనివాళ్లకని ఆయన నమ్మకం. దసరాకు కర్నూలులో జరిగే జిల్లా పందెంలో ఒక్కసారైనా పరువుగా తొక్కాలని ఆయన పట్టు. చీకటితోనే పోయి, ఎండ ముదిరేలోగా వచ్చి, స్నానం చేసి అంగడికి, అంగడినుంచి చేనికి, సాయంత్రం చైనుకు నూనె. ఆయన బిగుతు నల్లచెడ్డీ మా దండెం మీద ఆరుతుంటే నీళ్లకు పోయే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. మాకు మాత్రం పండగే. మామిడికాయల కాలంలో బనగానపల్లె తోటల్లోంచి, చొక్కా వీపున ఉండే జేబుల్లో పండ్లు కుక్కుకుని వచ్చేవాడు. దోవలో అవి నలిగి రసం నడుము మీదుగా కారి, ఈగలు వెంటబడి, ఇల్లు చేరేసరికి ఆయనే పెద్ద మామిడిపండులాగా ఉండేవాడు. టెంకలు మేము చీకేవాళ్లం, చొక్కా అమ్మ ఉతికేది.

అమ్మది వేంపల్లె. గలగలా మాట్లాడే మనిషి. పాలు పిండటం, కూలీలకు సంగటి కెలకడం, మమ్మల్ని బడికి తరమడం, నాయన ఆలస్యమైతే అంగడి తాళాలు పట్టుకుని తానే పోయి తలుపులు తెరవడం, అన్నీ ఆమె మీదే పడ్డాయి. మొదట్లో విసుక్కునేది, తర్వాత దెప్పేది, ఆ తర్వాత మాటే మానేసింది. నోరున్న మనిషి నోరు కట్టుకుంటే ఇల్లు ఎంత భయంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. వసారాలో అచ్చనగాయలు ఆడుతున్నా నా చెవి వంటింట్లోనే ఉండేది.

ఏరువాక పున్నమికి ఆ కట్టు తెగింది. ఆరోజు మా ఇళ్లలో ఎద్దులే దేవుళ్లు. వాటిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలకు గంటలు కట్టి, ఇంటి యజమాని హారతి పట్టి మొదటి ఓళిగ వాటి నోటికి పెట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. అమ్మ తెల్లవారుజామునే లేచి, పప్పు ఉడికించి, బెల్లం వేసి పూర్ణం రుబ్బి, ఓళిగలు కాల్చి నెయ్యి రాసి పళ్లెంలో పేర్చింది. "బనగానపల్లె దాకా పోయి ఇట్టే వస్తా" అన్న నాయన, ఎండ నడినెత్తికి వచ్చినా రాలేదు. వీధిలో అందరి ఎద్దులూ మొక్కులందుకుని బయల్దేరాయి. మావి రంగు కొమ్ములతో కొట్టంలోనే నిలబడి గంటలు ఆడిస్తున్నాయి. తమ్ముడు ఓళిగల పళ్లెం చుట్టూ తిరిగి తిరిగి ఏడుపు అందుకున్నాడు. మధ్యాహ్నం దాటాక, రెండు చక్రాలూ పంచరైన సైకిల్‌ను నడిపించుకుంటూ నాయన వచ్చాడు. అమ్మ గొంతు పెంచలేదు.

"నువ్వు దాంతోనే కాపురం చేసుకో. నేను పిల్లోళ్లను తీసుకోని వేంపల్లెకు పోతాండా, రేపు పొద్దన బస్సుకే."

నాయన సైకిల్‌ను గోడకు ఆనించి ఎద్దులకు హారతి ఇచ్చాడు. తర్వాత ఓళిగ ముందు పెట్టుకుని, తుంచకుండానే స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. జేజి వచ్చి ఎదురుగా కూర్చుంది. బొటనవేలితో ఆయన కనురెప్ప ఎత్తి చూసింది. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలింది. జేజి మొగుడు, మా జేజినాయన, బతికున్నప్పుడు బండలాగుడు పందేల ఎద్దులను సాకేవాడు, వాటి మేతా మాలీషూ చూసింది జేజే. ఎద్దును చూసినట్టే కొడుకును చూసింది.

"మేత ముందర పెట్టినా ముట్టకుండా నిలబడిన ఎద్దు సోమరిది కాదు, అలిసిండాది. రేయ్, మా తట్టు సోమవారం ఎద్దుకు కాడి ఏయరు. నోరులేని దానికే ఒక దినం ఇడిస్తిమి, నీకు లేదా?" అని, అమ్మ వైపు తిరిగి, "సోమవారం వీడు నీవోడమ్మా. ఆ పొద్దు సైకిలు ముట్టుకున్యాడంటే నేనే నిన్ను బస్సెక్కిస్తా" అంది.

అమ్మ తమ్ముడి చేతిలో ఓళిగ పెట్టి లోపలికి పోయింది. నేను వేంపల్లె బస్సును తలుచుకుంటూ పడుకున్నాను. నాకు మెలకువ వచ్చేసరికి పాలకుండలో మూతి పెట్టిన పిల్లిని అమ్మ ఏడు తరాలు తవ్వి తిడుతోంది. ఆ తిట్లు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. మస్తాన్ మామ ఫోన్‌లో ఒకటే నవ్వు. "నేను మొదటినుంచి చెప్తాండేది అదే కదప్పా! మీ యమ్మ చెప్తే గానీ ఇనవు."

అప్పటినుంచి సోమవారాలు మావి అయ్యాయి. నాయన పొద్దున్నే మిరపకాయ బజ్జీలు వేసేవాడు, సగం మాడ్చేవాడు, వాటిని బొరుగుల ఉగ్గానిలో నంజుకుంటూ అందరం వెక్కిరించేవాళ్లం. బండపరుపు మీద పులిజూదం గీసి మాతో ఆడుతూ సిగ్గులేకుండా తొండి చేసేవాడు. పాత క్యారియర్ సైకిల్ మీద అమ్మను కూర్చోబెట్టుకుని చేనికి పోయేవాడు. అది సైకిలు కాదా అని తమ్ముడు నిలదీస్తే, "అది పూర్తి సైకిలు, దానికి చెల్లదు" అని జేజి తీర్పు చెప్పింది. విచిత్రమేమంటే, ఆ ఒక్కరోజు తొక్కడం మానాక మిగిలిన రోజుల్లో ఆయన వేగం పెరిగింది, ముఖంలో కళ వచ్చింది.

దసరా ముందు పందెం ఏ రోజో చెప్పడానికి మస్తాన్ మామ ఫోన్ చేసినప్పుడు అందరం వంటింట్లోనే ఉన్నాం. నాయన "సోమవారమా? నాకు కుదరదులే మస్తానూ" అని ఫోన్ పెట్టేసి కొట్టంలోకి నడిచాడు. ఏడాదిగా ఎదురుచూసిన పందెం అది. మేమంతా అమ్మ వైపు చూశాం. ఆమె జొన్నరొట్టె తట్టడం ఆపలేదు. రొట్టెను పెనం మీద వేసి, తడిచేత్తో దాని మీద నీళ్లు రాసి, అప్పుడు కొట్టంలోకి వినపడేలా అరిచింది.

"సోమవారం ఇంటిది, సైకిలుది కాదు. అంతే కదా? ఇల్లంతా వస్తాం పా!"

"కాడి ఏయగూడదంటి గానీ, పరుగెత్తగూడదంటినా" అని జేజి తన చట్టాన్ని తానే సవరించుకుంది.

ఊళ్లో జీపు మాట్లాడుకుని, చిత్రాన్నం గిన్నె మధ్యలో పెట్టుకుని, కర్నూలు పోయాం. మిగతావాళ్లు సీసాల్లో రంగునీళ్లు తాగుతుంటే జేజి అందరి ముందూ నాయన మోకాళ్లకు ఆముదం రుద్దింది. ఆయన గెలవలేదు, నడిమి గుంపులో వచ్చాడు. కానీ చివరి మలుపులో ఆయన కనపడగానే, ఎన్నడూ పరుగెత్తి ఎరగని మా అమ్మ, కొంగు నడుముకు దోపుకుని, "తొక్కప్పా, తొక్కు!" అని అరుస్తూ రోడ్డు వెంట పరుగెత్తింది. ఆ పరుగు చూశాక వేంపల్లె బస్సు భయం నన్ను శాశ్వతంగా వదిలిపోయింది.

జేజి పోయి చాలా కాలమైంది. ఎద్దులను అమ్మేశారు. కొట్టంలో ఇప్పుడు సిమెంటు నేల మీద తమ్ముడి ట్రాక్టరు ఉంటోంది. ఏరువాకకు దానికే కుంకుమ పెట్టి దండ వేస్తారు. అది ఓళిగ తినదు కాబట్టి పిల్లలు కూడా ఎవరికోసమూ ఆగనక్కర్లేదు. ట్రాక్టరుకు సోమవారం లేదు, తాళం తిప్పితే ఏ రోజైనా లేస్తుంది. కడపలో నా కాపురమూ అంతే, ఆదివారం కూడా నేనూ మా ఆయనా చెరో కంప్యూటర్ ముందు కూర్చుంటాం.

మొన్న సెలవు దొరికితే చెప్పకుండా ఊరికి పోయాను. అరవై దాటిన నాయన పందేలు మానేసినా సైకిల్ మానలేదు. చల్లటి పొద్దు, ఖాళీ రోడ్డు, అయినా వసారాలో కూర్చుని అనపకాయలు వలుస్తున్నాడు. చూడగానే నాకు నవ్వొచ్చింది, ఆరోజు సోమవారం. "ఎద్దులే లేవు కదా నాయనా, ఇంగా సోమవారమేంది? పోయి తొక్కుకోని రాపో" అన్నాను. ఆయన నవ్వి లోపలికి చూశాడు.

లోపలినుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఎద్దులు లేకుంటే ఏమే? నేనుండా కదా!"