ప్రార్థన చేసి ఇచ్చిన చక్రాలు

ఎనభైల మొదట్లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా రెండో చలికాలం. మా తెలుగు చర్చి సంఘంలో ఒక పెద్దాయన కార్ల కంపెనీలో ఇంజనీరు. తన పాత కారు అమ్మేశాక మిగిలిన, మంచులో జారకుండా పట్టు ఉండే టైర్లను, చక్రాలతో సహా, ఆరాధన ముగిశాక అందరి ముందూ మాకు ఇచ్చారు. పాస్టరుగారు వాటి కోసం ప్రార్థన కూడా చేశారు. అలా ఇచ్చినదాన్ని మా వాళ్లెవరూ సరిపోలేదని తిరిగి ఇవ్వరు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

శనివారం మధ్యాహ్నం మంచు మొదలైంది. నర్సుగా పనిచేసే నా భార్య సాయంత్రం డ్యూటీకి హైవే మీద మా కారులోనే వెళ్లాలి. డ్రైవ్‌వేలో జాకీ ఎత్తి, ముందు చక్రం ఒకటి మార్చాను. బోల్టులు చక్కగా సరిపోయాయి. చేత్తో తిప్పితే మాత్రం కర్రుమని గీసుకుంది. చక్రం లోపలి అంచు బ్రేకు దిమ్మకు తగులుతోంది. జేబులో ఉన్న చర్చి కానుకల కవరు తీసి ఆ సందులో దూర్చబోయాను. దూరలేదు.

ఫోన్ చేస్తే ఆయన వాషర్లు పట్టుకుని వచ్చారు.

"బ్రదర్‌గారూ, మీ పాత కారుకి ముందు డ్రమ్ బ్రేకులు. మాది డిస్క్. లోపల చోటు చాలట్లేదండీ."

"బ్రేకుల గురించి నాకే చెప్తున్నావా తమ్ముడూ? వాషర్లేస్తే చక్రం బయటికి జరుగుద్ది. అంతే."

వేశారు, తిప్పారు. చప్పుడు పోయింది. కానీ చక్రం జరిగిన మేరకు నట్లకు పట్టు తగ్గింది. నట్టు బోల్టు చివర రెండు మూడు చుట్లే తిరిగి, చక్రానికి ఆని ఆగిపోతోంది. హైవే మీద అవి వదులైతే? ఆ చక్రం ఊడి ముందు దొర్లుకుంటూ పోతున్నట్టు, కారులో నా భార్య ఒక్కతే ఉన్నట్టు కళ్లకు కట్టింది.

ఆమె యూనిఫాంలో బయటికొచ్చింది. "ఏవండీ, తేలిందా? నాకు లేటవుతోంది."

"మీ ఆయనకి నా మీద నమ్మకం లేదమ్మా. దేవుడి మీదైనా ఉందో లేదో కనుక్కో" అని పెద్దాయన నవ్వారు.

ఆ నవ్వు నేను ఈనాటికీ మరిచిపోలేదు. కారు తాళం చెవి జేబులో వేసుకున్నాను.

"అయితే మీ ఇంట్లో సిస్టర్‌గారిని ఇందులో ఎక్కించుకుని హైవే మీద ఓ రౌండ్ వేసి రండి. ఆ తర్వాతే మా ఆవిణ్ని పంపిస్తా."

ఆయన చక్రం వంక చూశారు. వాచీ చూసుకున్నారు.

"ఇప్పుడవన్నీ ఎందుకులే. రామ్మా, నా కారులో డ్రాప్ చేస్తా."

"ఆ మాటేదో ముందే అనొచ్చుగా!" అని మా ఇద్దరినీ విసుక్కుంటూ ఆమె ఎక్కేసింది.

వాళ్లు మలుపు తిరిగాక కూడా నాకు స్థిమితం లేదు. ఆయన డ్రైవింగూ నాకు తెలుసు. వార్డు నుంచి ఆమె ఫోన్ వచ్చేదాకా ఇంట్లో ఫోన్ పక్కనే నిలబడ్డాను.

"చేరాను. దారంతా ఆయన మీ గురించే. టైరు మార్చడం రాని మగాణ్ని ఇప్పుడే మొదటిసారి చూశారట."

"నట్ల గురించేమన్నా అన్నాడా?"

"ఊహూఁ."

ఒప్పుకోడని తెలుసు. ఫోన్ పెట్టేసి, వెలుతురు ఉండగానే వెళ్లి ఆ చక్రం ఊడదీశాను. పాత టైరే మళ్లీ బిగించాను. అది మంచులో జారుతుంది. డ్యూటీ దిగాక ఆమెను తీసుకురావడానికి దాని మీదే వెళ్లాలి.