రేపల్లె బూత్‌కు ఆదివారం ఫోను

మొన్నామధ్య తెనాలి నుంచి బాపట్లకు బస్సులో వెళ్తుంటే, ఊరు దాటగానే పొలాల మధ్య కొత్తగా కట్టిన ఒక బడి ప్రకటన కనిపించింది. పిల్లలు మోకాలి లోతు బురదలో దిగి నాట్లు వేస్తున్న పెద్ద బొమ్మ, దాని కింద అనుభవమే అసలైన చదువని లావుపాటి అక్షరాలు. పక్క సీట్లో కూర్చున్నావిడ, ఇంచుమించు నా ఈడుదే, అది చూసి, "నాట్లెయ్యడానిక్కూడా ఫీజు కట్టాలా ఏంటండి?" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ తర్వాత దారి పొడుగునా కిటికీలోంచి ఏం చూశానో నాకు తెలియదు. అలాంటి చదువే నేనూ చదివాను, ఇరవై ఏళ్ల కిందట, దేశం కాని దేశంలో, హాస్టల్లో ఉండి. ఎవరైనా అడిగితే బాగుండేదని ఒక్క మాట చెప్పి తప్పించుకుంటాను. నిజంగానే బాగుండేది. కానీ ఆ బడి తలపుకు వస్తే దాని వెనకే ఒక ఫోను మోగుతుంది.

మాది రేపల్లెకు దిగువన, ఏరు సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా ఉన్న పల్లె. నాన్న, బాబాయి ఒకే పడవ మీద వేటకు వెళ్లేవారు, అమ్మ రేపల్లె బజారులో చేపలు అమ్మేది. నాన్న మాటల మనిషి కాదు. నన్ను పిలవాలంటే "ఏమే" అనేవాడు, అంతకు మించి అవసరం పడితే అమ్మతో చెప్పించేవాడు. బాబాయి అయితే అన్న ఎదుట నోరే విప్పేవాడు కాదు. అయితే ఇద్దరి గొంతూ ఒకటే. మంచు పట్టిన తెల్లవారుజామున పడవ మీంచి కేక వినబడితే, అరిచింది పెద్దవాడో చిన్నవాడో కన్నతల్లికే తెలిసేది కాదని మా నానమ్మ చెబుతుండేది.

బాపట్లలో హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నప్పుడు మా సైన్సు మేడమ్ నన్ను చేరదీసింది. ఐర్లండులో ఒక బడి వాళ్లు దేశదేశాల నుంచి కొందరు పిల్లల్ని ఖర్చులన్నీ పెట్టుకుని రెండేళ్లు చదివిస్తారని ఎక్కడో చదివి, నా చేత దరఖాస్తు పెట్టించి, ఆ తర్వాత ఇంగ్లీషు మాట్లాడటం నేర్పించి, చివరికి విమానం ఎక్కించేదాకా వెంట ఉన్నది ఆవిడే. సీటు వచ్చిందని తెలిసిన రోజు నాన్న వల బాగుచేస్తూ తలెత్తకుండానే, "మరి చలికి తట్టుకుంటదా?" అని అమ్మని అడిగాడు. అది ఒప్పుకోవడమేనని అమ్మ నాకు తర్వాత చెప్పింది.

అక్కడి చదువు మొదట్లో నాకు వింతగా తోచింది. పొద్దున కాసేపు తరగతి గదుల్లో పాఠాలు, ఆ తర్వాత అంతా పనే. రొట్టెలు చేసే కొట్టులో పిండి తూస్తూ లెక్కలు, బంగాళాదుంపల మడిలో మట్టి తవ్వుతూ రసాయనశాస్త్రం, ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల కబుర్లు విని రాసుకొస్తే అది చరిత్ర. ఆటుపోట్ల గురించి చెప్పడానికి మమ్మల్ని ఒడ్డు బురదలో గంటలకొద్దీ నిలబెట్టేవారు. మిగతా పిల్లలు కేరింతలు కొడుతుంటే, మా అమ్మ పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని ఇదే కదా, దీనికి చదువని పేరెవరు పెట్టారా అని నేను ముసురులో తడుస్తూ ఆలోచించేదాన్ని. ఆ ముసురు సంగతి చెప్పాలి. మనకు వాన వస్తే వచ్చి పోతుంది, అక్కడ అది పోయేది కాదు. దుప్పట్లు చెమ్మ, మేజోళ్లు చెమ్మ, గోడలు చెమ్మ. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది. ఆ చీకట్లో సముద్రం హోరు మాత్రం మా ఊరిదిలాగే ఉండేది, అందుకే అది వినబడినప్పుడు ఇంటి మీద బెంగ తగ్గేది కాదు, పెరిగేది.

రెండో ఏడు నన్ను పడవ జట్టులో వేశారు. మునిగిపోతున్న వాళ్లను ఎలా పైకి తీయాలో నేర్పే జట్టది. మా పల్లెలో పడవ మీద ఆడవాళ్లు కాలు పెట్టకూడదు. నాన్న పడవను నేను ఒడ్డున నిలబడి తోయడమే గాని ఏనాడూ ఎక్కి ఎరగను. అలాంటి దాన్ని అక్కడ చుక్కాని పట్టుకున్నాను. మాకు నేర్పే పెద్దాయన ఒక బరువైన బొమ్మను నీళ్లలో పడేసి, దాన్ని పైకి లాగి ఊపిరి పోస్తున్నట్టు చేయమనేవాడు. నీళ్లలోంచి తీసిన మనిషితో మాట్లాడుతూనే ఉండాలి, వినబడుతుందా లేదా అని చూడకూడదు అనేవాడు. ఒకరోజు నా వంతు వచ్చినప్పుడు, చేతులు కొంకర్లుపోతుంటే, నోటికి ఇంగ్లీషు రాలేదు. "లే నాన్నా, కళ్లు తెరువు నాన్నా" అని ఆ బొమ్మతో తెలుగులో మాట్లాడాను. అందరూ నవ్వారు, ఆ పెద్దాయన ఒక్కడూ నవ్వలేదు. చలికాలం మొదట్లో సంగతి అది. ఏ వారమో లెక్క కట్టుకోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

మన ఈడు వాళ్లకు ఎస్టీడీ బూత్‌ల రోజులు చెప్పక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం నేను హాస్టల్ ఫోను నుంచి కార్డు వేసి చేస్తే, ఇక్కడ రేపల్లె బస్టాండు పక్కన బూత్‌లో పొద్దుగూకే వేళకు అమ్మా నాన్నా కాచుకుని ఉండేవారు. నాన్న "బాగున్నావా? తిన్నావా? ఇదిగో మీ అమ్మ" అని ఫోను ఇచ్చేసేవాడు. ఆ మూడు మాటల కోసమే నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. రెండో ఏడు చలికాలంలో కొన్నాళ్లు ఫోను కలవలేదు. తుఫానుకు తీగలు తెగాయని తర్వాత చెప్పారు. కలిశాక అమ్మ గొంతు బొంగురుపోయి ఉంది, పడిశం పట్టిందంది. నాన్న ఏడని అడిగితే కొంచెం తటపటాయించి ఇచ్చింది.

"అమ్మడూ, ఏం తిన్నావు?" అంది ఆ గొంతు.

నాన్న నన్ను అమ్మడూ అనడం అదే మొదలు. దూరంగా ఉన్న పిల్ల కదా అని మనసు కరిగిందనుకున్నాను. అప్పటి నుంచి ఆయన ఫోను వదిలేవాడు కాదు. అక్కడి చేపలు ఎలా ఉంటాయి, పోటు ఎంత ఎత్తు వస్తుంది, ముసలివాళ్లు ఒంటరిగా ఉంటే వాళ్లకి వండిపెట్టేదెవరు, అన్నీ అడిగేవాడు. చెబుతుంటే వినేవాడు. పదహారేళ్లు మా నాన్నతో నేను మాట్లాడని మాటలన్నీ ఆ చలికాలంలో, ఆ ఎండాకాలం మొదట్లో మాట్లాడాను. ఒకసారి ధైర్యం చేసి పడవ నడుపుతున్నానని చెప్పాను. తిడతాడనుకున్నాను.

తిట్టలేదు. "వచ్చాక నన్నెక్కించుకుని తిప్పుతావా?" అన్నాడు.

"నిజంగానా నాన్నా?"

"నిజమే అమ్మడూ. నువ్వు తిప్పు, నే కూచుంటా."

నేను ఆ రోజంత సంతోషంగా మళ్లీ ఎప్పుడున్నానో గుర్తులేదు. లైఫ్ జాకెట్లు వేసుకోకుండా వేటకు వెళ్లొద్దని, ఇక్కడ అందరూ వేసుకుంటారని, వచ్చేటప్పుడు నీకూ బాబాయికీ తెస్తానని గబగబా చెప్పాను. దానికి ఆయన ఏమీ అనలేదు. లైను పోయిందనుకున్నాను.

చదువు ముగించుకుని మే నెలలో హైదరాబాదు మీదుగా తెనాలిలో దిగేసరికి బాబాయి ఒక్కడే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. నా పెట్టె అందుకుని, రేపల్లె బండి సిద్ధంగా ఉందని చేత్తోనే చూపించాడు. బండి కదిలాక ఇడ్లీ పొట్లం నా ఒళ్లో పెట్టాడు. నేను ఆత్రంగా, నాన్న రాలేదేంటని, ఒంట్లో బాలేదా అని అడుగుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. జంపని దాటింది. చివరికి ఇటు తిరిగి, "ముందా ఇడ్లీ తిను అమ్మడూ" అన్నాడు.

ఒక్క మాట. నా చెవికి రెండోది అక్కర్లేకపోయింది. ఇడ్లీ పొట్లం పక్కన పెట్టేశాను. "ఎప్పటి నుంచి బాబాయ్?" అని అడిగాను.

"కార్తీకంలో" అన్నాడు. వాయుగుండం పట్టిన రోజు ఇంటికి తిరిగి వస్తుంటే మొగలో ఇసుక మేట మీద పడవ తిరగబడింది. బాబాయి ఈదుకుని బయటపడ్డాడు. నాన్న వల కింద చిక్కుకుపోయాడు. నాన్నను పడమరగా, బాపట్ల వైపు ఒడ్డున కనుక్కున్నారు. మా సైన్సు మేడమ్ కబురు తెలిసి వచ్చి, నాకు చెప్పాల్సిందేనని పట్టుబడితే, అమ్మ ఒప్పుకోలేదట. ఇదంతా బాబాయి వేమూరు వచ్చేలోపు చెప్పేశాడు, బయటికి చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు. ఎదుటి సీట్లో పసిపిల్లకు పాలుపడుతున్న తల్లి కొంగు కప్పుకుని అటు తిరిగి కూర్చుంది.

ఇంటికి వెళ్లాక అమ్మ బోసినుదురు చూసి అరిచాను, ఎందుకు దాచావని. అమ్మ కదలకుండా కూర్చుని, "నువ్వొచ్చి ఏం చేసేదానివే? ఆయన్ని తెచ్చేదానివా? మళ్లీ పంపడానికి మా వల్ల అయ్యేదా?" అంది. ప్రతి ఆదివారం బూత్‌కు వచ్చి, మరిది నాతో మాట్లాడుతున్నంతసేపూ తాను బయట బస్సుల మధ్య నిలబడేదట. ఆ గొంతు వినలేక.

చాలాకాలం తర్వాత బాబాయిని ఒకటి అడిగాను. పడవ సంగతి నాన్నకు చెప్పి ఉంటే ఏమనేవాడని. ఆయన వల మడత పెడుతూ, "మా అన్న ఏమంటాడో నాకేం తెలుసు? నాకనాలనిపించింది నేనన్నా" అని లేచిపోయాడు. మళ్లీ ఎన్నడూ నన్ను అమ్మడూ అనలేదు. ఎదురైతే "ఏంటి, బాగున్నావా?" అంటాడు, తన దారిన వెళ్లిపోతాడు. నాతో అంతసేపు మాట్లాడిన ఆ మనిషి నాన్నతో పాటే వెళ్లిపోయాడు. ఎవరి కోసం ఎక్కువ ఏడ్చానో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇప్పుడు ఆ బూత్ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మా పల్లె పిల్లలు ఎంత దూరాన ఉన్నా అమ్మానాన్నల మొహం చూస్తూ మాట్లాడుతున్నారు. ఏదైనా జరిగితే పడవ ఒడ్డుకు చేరకముందే కబురు చేరిపోతుంది. ఒకరి గొంతుతో ఇంకొకరు మాట్లాడటానికి చోటే లేదు. అది మంచిదే, నిజం దాచకూడదు, నా పిల్లలకు నేనూ అదే చెబుతాను. మా ఇంట్లో నాన్న తద్దినం కార్తీకంలోనే పెడతారు, నేనూ వెళ్లి పిండివంటలు చేసి వడ్డిస్తాను. నా మటుకు నాకు మాత్రం ఆయన ఆ చలికాలమంతా బతికే ఉన్నాడు. పోయింది మే నెల ఎండలో, రేపల్లె బండిలో, జంపనికీ వేమూరికీ మధ్య.