తొంభై ఆరో దీపం

పెద్దాపురంలో స్టీలు సామాన్ల కొట్టు కుక్కుటేశ్వరరావుకి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా రెండే పనులు. భోంచెయ్యడం, వీడియో గేమ్ ఆడడం. నలభై దాటిన మనిషి, పిల్లలు లేరు, షావుకారుతనానికి తగ్గ బొజ్జ ఉంది. అలాంటివాడు రాజమండ్రికి సరుక్కని వెళ్ళి, గిన్నెల బస్తాతోపాటు ఒక ఆటల మిషనూ ఒకే ఒక్క క్యాసెట్టూ చంకన పెట్టుకొచ్చాడంటే వీధి వీధంతా నవ్వుకుంది. ఆయన భార్య కన్యక మాత్రం నవ్వలేదు. వెళ్ళి పక్కన కూచుంది.

ఆ క్యాసెట్టులో రాతంతా జపాను భాష. ఏం చెయ్యమంటోందో ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కొండ కింద పాడుబడిన కోట, అందులో లాంతరు పట్టుకున్న చిన్న మనిషి. కాల్చడానికి శత్రువులు లేరు, పాయింట్లు లేవు. గది తర్వాత గది వెతుక్కుంటూ పోవడమే. మొదటి గదిలో గోడ నిండా ఆరిపోయిన దీపాలు, లెక్కపెడితే తొంభై ఆరు. కొత్త గదిలో అడుగు పెట్టినప్పుడల్లా ఒకటి వెలుగుతుంది. క్యాసెట్టులో చిన్న బ్యాటరీ ఉందట, అందుకని కరెంటు పోయినా ఆట ఎక్కడ ఆపితే అక్కడే ఉండేది.

దారి మర్చిపోకుండా కన్యక తన ముగ్గుల పుస్తకంలో వేసుకునేది. గదికో చుక్క, తలుపుకో గీత. ఆమెకి వచ్చిన విద్య అది. కోటలో ఎడమ సగానికే పేజీ నిండిపోతే, కుడి సగం కాగితం తిప్పి వెనక వైపు వేసింది. గదులకి పేర్లు కూడా పెట్టుకున్నారు. ఎంతకీ తరగని మెట్లున్నది కోరుకొండ. నీళ్ళున్నది లాకులు. కుండలు పేర్చి ఉన్న గదిని "మన కొట్టు" అనేవారు. మొదట్లో నవ్విన వీధివాళ్ళే తర్వాత తర్వాత ఎన్ని గదులయ్యాయని అడిగిపోయేవారు.

రెండేళ్ళలో తొంభై అయిదు దీపాలు వెలిగాయి. మిగిలిన ఒక్కటీ వెలగదు. దాని దగ్గరే మొగుడూ పెళ్ళాలకి పేచీ.

"లాకుల కిందే ఉందే ఆ గది. కాగితం మీద రాసిచ్చేస్తాను," అనేవాడాయన.

"ఆ నీళ్ళలో దిగి దిగి లాంతరు ఆర్పుకోవడం తప్ప అక్కడేం లేదండీ. కోరుకొండ పైన ఉంది."

"అయితే పందెం. నీ మాట నిజమైతే అసలు కోరుకొండ గుడి మెట్లు ఆగకుండా ఎక్కేస్తాను."

"ఈ బొజ్జతోనా?"

"ఈ బొజ్జతోనే. నా మాట నిజమైతే నువ్వు నన్ను పేరు పెట్టి పిలవాలి. గారూ లేదు, అండీ లేదు."

కన్యక చెవులు మూసుకుంది. రేషను కార్డు వాళ్ళు వచ్చి మీ ఆయన పేరేంటమ్మా అంటే పక్కింటావిడ చేత చెప్పించిన మనిషి మరి. ఆయన ఆ మాట పట్టుకుని నెల రోజులు ఏడిపించాడు.

ఆ వేసవిలోనే ఒకరోజు పొద్దున్న కొట్టు షట్టరు పైకెత్తుతూ కుక్కుటేశ్వరరావు అక్కడే కూలబడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

కన్యక ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆమె మొహం చూసి, ఏడవాల్సినవాళ్ళకి ఏడుపు రాకపోతే ఎలాగని గుసగుసలాడుకుంటూ వెళ్ళారు. ఆమె విననిదేం కాదు. వింది, అంతే. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. పప్పులో ఉప్పు లేదని మరిది వినయ్ కంచం దగ్గర్నుంచి లేచిపోయిన రోజున, అదే పప్పుతో అన్నం తిని కంచం కడిగి బోర్లించింది.

ఒంటిగంటయ్యేసరికి మాత్రం మేడ మీదికెళ్ళి టీవీ పెట్టేది. అత్తగారు రత్నమాణిక్యానికి అది కంటగింపు. మొగుడు పోయిన మనిషికి ఆటలేంటని వచ్చినవాళ్ళతో అనేది, కోడలితో అనేది కాదు. సరదాకి ఆడితేగా? కోటలో ఏదీ కదలదు. ఆయన తెరిచిన తలుపు తెరిచే ఉంటుంది, ఆయన తోసిన బండ తోసినచోటే ఉంటుంది. ఎలా ఉన్నావమ్మా అని ఎవరూ అడగరు. కన్యక రోజూ కోరుకొండ మెట్లెక్కి పై గోడలన్నీ జానెడు జానెడు తడుముకుంటూ పోయేది. ఆ ఒక్క దీపం వెలిగించాలి, ఇంకేం అక్కర్లేదు. లాకుల వైపు మాత్రం వెళ్ళేది కాదు. ఎందుకు వెళ్ళటం లేదని తనని తాను అడిగిందీ లేదు.

ఏడాది తిరిగింది. మరిడమ్మ జాతరలో ఆ వీధి సంబరం రోజు వచ్చింది. అమ్మవారి గరగ కుండలు నెత్తినెత్తుకుని ఊరేగింపు వచ్చే దారంతా వీధిలో ఆడవాళ్ళు పోటీలు పడి ముగ్గులు వేస్తారు. కన్యక ముగ్గు ముట్టుకోవడం మానేసింది గనక ఆ పని తోడికోడలు లక్ష్మీప్రసన్న మీద పడింది. ఎదురింటి సంపూర్ణమ్మ ఎవరి వాకిట్లోనూ లేని ముగ్గు వేస్తుందని ఆమెకి బెంగ. అక్క ముగ్గుల పుస్తకం తీసి తిరగేస్తే, ఊళ్ళో ఎవరూ వెయ్యని పెద్ద ముగ్గు ఒకటి కనిపించింది. సగం ఈ పేజీలో, సగం వెనక పేజీలో. రెండూ కలిపి వాకిలి పొడుగునా వేసేసింది.

పొద్దున్న తొమ్మిదింటికి కన్యక మేడ కిటికీ తెరిచి కిందకి చూసింది. కోట మొత్తం రోడ్డు మీద ఉంది. కోరుకొండ, కొట్టు, లాకులు. రెండు సగాలూ పక్కపక్కన ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ప్రసన్నా, ఆ కుడి చివర చుక్క ఎక్కడిది?"

"అదా అక్కా, ఎడమ పక్క ఉండి కుడి పక్క లేకపోతే ముగ్గు వంకరగా ఉండదూ? నువ్వు మర్చిపోయేవనుకుని నేనే పెట్టి కలిపేసేను. లేపోతే సంపూర్ణమ్మగారు వంకలు పెట్టరూ?"

ఆ చుక్క లాకుల పక్కనే ఉంది.

ఒంటిగంటకి కన్యక టీవీ పెట్టింది. వీధిలో డప్పులు మొదలయ్యాయి. చిన్న మనిషిని మెట్లు దింపింది, లాకుల దగ్గరికి తీసుకెళ్ళి కుడి వైపు నీళ్ళలోకి దించింది. లాంతరు ఆరిపోయింది, టీవీ నల్లబడింది. ఇదివరకు ఇక్కడే పనైపోయిందనుకుని ఆయన బటన్ వదిలేసేవాడు. వదిలితే ఆట మొదటి గదికి తీసుకుపోయి పడేసేది. కన్యక వదల్లేదు. పట్టుదలేం కాదు, వేలు బటన్ మీద ఉంది, తియ్యాలని తోచలేదు.

చాలాసేపు నలుపే. తర్వాత వెలుగొచ్చింది.

చిన్న గది. నిధీ లేదు, బంగారమూ లేదు. ఒక గోడ, దాన్నానుకుని ఒక అరుగు. ఆమె ఏమీ నొక్కకుండానే చిన్న మనిషి వెళ్ళి లాంతరు కింద పెట్టి అరుగు మీద కూచున్నాడు. మూడేళ్ళలో వాడు కూచోవడం ఆమె చూడలేదు.

కన్యక కాసేపు అలాగే చూసింది. తర్వాత నోరు తెరిచింది.

"కుక్కుటేశ్వరరావు."

అలవాటుకొద్దీ వెనకాల గారు రాబోతే మింగేసింది. పందెం పందెమే గనక ఇంకోసారి అంది. పేరు పొడుగ్గా, ఎవరిదో అన్నట్టుగా ఉంది. కళ్ళలో నీళ్ళు వస్తాయేమోనని ఎదురుచూసింది. రాలేదు.

నాలుగైంది. టీవీ కట్టేసి కిందకి దిగింది. వంటింటి గుమ్మంలో రత్నమాణిక్యం చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఎవర్నే పైన పిలుస్తున్నావు?"

"మీ అబ్బాయినండి అత్తయ్యగారూ. పందెం ఓడిపోయాను."

ఆవిడ చేతులు ఆగాయి. వీధిలో గరగలు ముగ్గు తొక్కుకుంటూ వెళ్ళిపోతున్నాయి.

"డప్పుల్లో సరిగ్గా వినపడలేదు," అంది రత్నమాణిక్యం. "కాస్త గట్టిగా పిలవాల్సింది."

కన్యక ఎదురుగా కూచుని, చింతపండులో సగం తన వైపు లాక్కుని పిక్కలు తియ్యడం మొదలుపెట్టింది.