గ్యారేజీలో మూడు పోగులు

టౌరంగాలో మేం అద్దెకుంటున్న ఇంట్లో ఒక అన్యాయం ఉండేది. మనుషులు పడుకునే గదులకు కిర్రుమనే చెక్క నేల వేసి, కారు పడుకునే గ్యారేజీకి మాత్రం దిట్టమైన కాంక్రీటు పోశారు. ఓనర్‌కు చెబుదామనుకుంటూనే కొన్ని చలికాలాలు గడిపేశాను.

అలాంటి ఒక చలికాలంలో, కివీపండ్ల ప్యాక్‌హౌస్‌లో నాతో పనిచేసే స్థానికుడొకడు నన్ను వేటకు తీసుకెళ్లాడు. తుపాకీ అతనిది, లైసెన్సూ అతనిదే. నాది సంచులు మోసే హోదా. జింక పడ్డాక పొట్ట కోసే పని నాకప్పగించాడు. కత్తి పదును పైకి తిప్పి, మొనకు అటూ ఇటూ వేళ్లు ఆనించి, తోలు మాత్రమే తెగేలా కోయాలి.

"ఉచ్చసంచి తెగిందో, మాంసం మొత్తం నువ్వే తినాలి," అన్నాడు.

తెగలేదు. పేగులు వెచ్చగా చేతుల్లోకి జారాయి. ఆ చలిలో, చెప్పకూడదు గానీ, హాయిగానే ఉంది.

జింకను మా గ్యారేజీ దూలానికి వేలాడదీశాం. వెనక తొడ ఒకటి అతను తీసుకుని, మిగిలింది నాకే వదిలేశాడు. మాంసం ఆరాక, శనివారం పొద్దున్నే తోలు తీసి గొడ్డలి అందుకున్నాను. చూడ్డానికొచ్చిన అతను తల పట్టుకున్నాడు.

"వెన్ను పక్కనుండే మెత్తటి కండను బొక్కతో కలిపి నరికేశావా? జింకంటే అదేనయ్యా!"

నాకూ తెలుసు. కానీ కండ ఒకడికీ బొక్క ఒకడికీ పోతే అది పోగెలా అవుతుంది? అతను తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆక్లండ్‌లో చదువుకునేటప్పుడు ఒకే ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. ఆదివారం సగం గొర్రె తెచ్చి, మా తెలంగాణ పల్లెల్లోలాగే పోగులు పెట్టేవాళ్లం. ప్రతి పోగులో కండ, బొక్క, కార్జం, కొవ్వు సమానంగా పడాలి. ఒకడు గోడవైపు తిరిగి నిలబడితే, ఇంకొకడు ఒక పోగు మీద వేలు పెట్టి "ఇదెవరికి?" అనేవాడు. తిరిగినవాడు పేరు చెప్పేవాడు. ఇంత న్యాయంగా పంచుకున్నాక, మూడు పోగులూ ఒకే గిన్నెలో వేసి వండేవాళ్లం. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత వాళ్లిద్దరూ ఆక్లండ్ శివార్లలోనే, ఒకడు టకానినిలో, ఒకడు హాబ్సన్‌విల్‌లో ఇళ్లు కొన్నారు. నేను పనికోసం మూడు గంటల దూరంలోని టౌరంగా వచ్చేశాను. జింకను నరకడానికి ముందురోజు, శుక్రవారం, మా ముగ్గురి ఫోన్ గ్రూపులో రాశాను: "జింక ఉంది. కావాల్సినవాళ్లు రేపొచ్చి పట్టుకుపోవచ్చు."

ప్లాస్టిక్ పట్టా పరిచి మూడు పోగులు పెట్టాను. నా భార్య గుంటూరు మనిషి, నర్సు, రక్తానికి జడవదు. ఆమెను వేలు పెట్టమని నేను తలుపువైపు తిరిగాను.

"ఇదెవరికండీ?" అంది నవ్వుతూ.

"టకానినివాడికి."

ఫోన్ మోగింది. టకానినివాడే.

"మామా, పాపకి స్విమ్మింగ్ క్లాసుందిరా. నా వాటా నువ్వే తినెయ్."

హాబ్సన్‌విల్‌వాడికి నేనే చేశాను.

"జింకా? మా ఇంట్లో ముట్టరురా. కూర కోసం అంత దూరం డ్రైవ్ చేయాలా? ఇక్కడ మటన్ దొరకదా మామా?"

"దొరుకుతుందిలే. ఫ్రీజర్‌లో చోటు లేక అడిగా," అన్నాను. ఫ్రీజర్‌లో ఉన్నది ఒక బఠాణీల ప్యాకెట్.

ఫోన్ పెట్టేసి మళ్లీ తలుపువైపు తిరిగి నిలబడ్డాను. ఇంకా రెండు పోగులున్నాయి, అడుగుతుందేమోనని. ఆమె గ్లౌజులు తీసి బకెట్లో పడేసింది.

"మీరు మాంసం ఉందన్నారు. వాళ్లని చూడాలనుందని ఎక్కడన్నారు?"