నడుము కోసం కొన్న కోత మిషన్

మా ఇంట్లో నడుం నొప్పి మా ఆవిడది, కోత మిషన్ నాది. ఈ రెండింటికీ సంబంధం ఉందంటే మా వీధిలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

మా ఆవిడ కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడుతుంది. కుట్టడం మిషన్ మీదే గానీ, బట్ట కత్తిరించడం మాత్రం నేల మీద. చాప పరిచి, దాని మీద బట్ట పరిచి, వంగి సబ్బు ముక్కతో గీతలు గీసుకుని కత్తెర పట్టేది. ఆ ఏడు బతుకమ్మ దగ్గర పడేసరికి, కూర్చున్న మనిషి లేవడమే కష్టమైపోయింది. డాక్టరమ్మ చూసి, "వంగుడు బంద్ చెయ్యాలె అమ్మా. బల్ల మీద పెట్టుకొని నిలవడి కోసుకో. లేకపోతే కుట్టుడే బంద్ చెయ్యాల్సొస్తది" అంది. నొప్పికి ఏనాడూ ఏడవని మా ఆవిడ ఆ చివరి మాటకు కళ్లనీళ్లు పెట్టుకుంది.

మామూలు మొగుడైతే బజారుకు వెళ్లి బల్ల తెచ్చేవాడు. నేను కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ని. పైగా చాన్నాళ్లుగా ఫోన్‌లో వడ్రంగం వీడియోలు చూస్తున్నవాణ్ని. "బయటిదెందుకు? దసరా లోపల నేనే చేసిస్త" అని ఆసుపత్రి మెట్ల మీదే మాట ఇచ్చేశాను. ఆవిడ నమ్మింది. అదే నన్ను ఇరికించింది.

నిజానికి ఒక బల్లకు చేతి రంపం చాలు. కానీ వీడియోల్లో ఎవరూ చేతి రంపం ముట్టరు. ఇనుప బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకి లేచి గిర్రున తిరుగుతుంటుంది, చెక్కను అలా తోస్తే వెన్నలా తెగుతుంది. అది లేకుండా చేసే పని పనే కాదని నాకు గట్టిగా తోచింది. చాయ్ తాగాలనిపించి బర్రెను కొన్నట్టు, ఆ మిషన్ కోసం వెతకడం మొదలుపెట్టాను. కాగజ్‌నగర్‌లో ఒకాయన తన ఫర్నిచర్ దుకాణం ఎత్తేస్తూ పాత మిషన్ అమ్ముతున్నాడని తెలిసి ఆదివారం పొద్దున్నే బయలుదేరాను.

మిషన్ మీద ఎర్రగా తుప్పు, బెల్టు మీద పగుళ్లు. నేను కళ్లజోడు సర్దుకుని, ఏదో తెలిసినవాడిలా చుట్టూ తిరిగి, దాని పక్కన రెండుసార్లు తట్టాను. "ఎట్లున్నది సార్?" అన్నాడాయన. "పర్వాలేదు" అన్నాను. తట్టితే ఏం తెలుస్తుందో నాకిప్పటికీ తెలియదు. "ఫికర్ చెయ్యకు సార్, గీ మిషన్ నీకంటె ఎక్కువ దినాలు బతుకుతది" అని ఆయన ధైర్యం చెప్పాడు. ఆ మాటకు సంతోషించాలో లేదో తేలకముందే ట్రాలీలోకి ఎక్కించేశారు.

మందమర్రిలో చాయ్ కోసం ఆగితే ట్రాలీ చుట్టూ జనం మూగారు. "ఏందన్నా గిది, చెరుకు రసం మిషనా?" అని ఒకడు, "కాదురా, గిర్నీ! పిండి పట్టేది" అని ఇంకొకడు. వడ్రంగం మిషనని చెప్పాను. "నువ్వు వడ్లాయనవా?" అని అడిగి, నా ఇస్త్రీ చొక్కా చూసి వాళ్లే నవ్వుకున్నారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ ఇనుప బల్ల మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. "బల్ల లెక్కనే ఉన్నది గదా! నడుమ గా రంపం తీసేస్తె అయిపాయె" అంది. నా మనసు చివుక్కుమంది. కళ అంటే గౌరవం లేదనుకున్నాను.

ఇక సేవ మొదలైంది. కాలేజీ నుంచి రావడం, వెనక రేకుల షెడ్డులో దూరడం, ఎమ్రీ పేపరుతో తుప్పు గీకడం. బెల్టు మార్చాను. బేరింగులు మార్పించాను. రంపం పళ్లు సాన పట్టించాను. వంగి గీకి గీకి నాకూ నడుం పట్టేసింది. నేను ఆలస్యం చెయ్యలేదు. మర్నాడే వెల్డింగ్ అతణ్ని పిలిపించి, మిషన్ కింద ఇనుప కాళ్లు పెట్టించి, సరిగ్గా నా నడుం దాకా వచ్చేట్టు ఎత్తు చేయించాను. ఇనుప బల్లకు కొవ్వొత్తి రుద్ది, పాత బనీనుతో తుడిచి, అందులో నా మొహం చూసుకున్నాను. అవతల ముందు గదిలో మా ఆవిడ నేల మీద వంగి పండుగ జాకెట్లు కత్తిరిస్తూనే ఉంది.

దసరా వచ్చింది. బల్ల రాలేదు. ఆయుధ పూజ మాత్రం ఘనంగా చేశాను. మిషన్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చుట్టాలంతా చూస్తుండగా కొబ్బరికాయ తీసుకుని ఆ ఇనుప బల్ల అంచుకే ఫట్‌మని కొట్టాను. కొబ్బరినీళ్లు ఆ నిగనిగలాడే బల్లంతటా చింది, రంపం సందులోంచి లోపలికి జారిపోయాయి. అందరూ దండం పెట్టుకున్నారు. జమ్మి ఆకులు పంచుకునే హడావిడిలో తుడవడం మరిచిపోయాను. గుర్తొచ్చి చూసేసరికి నీళ్లు పడిన ప్రతిచోటా తుప్పు లేచింది.

"నేను గూడ కుట్టు మిషన్‌కు బొట్టు పెట్టిన. కొబ్బరికాయ గడప కాడ కొట్టిన. ఇనుము మీద ఎవరన్న కొడ్తరా?" అంది మా ఆవిడ. ఆ వెంటనే, "నీ మిషన్‌కు మొక్కుడైతే అయింది. ఇగ నా బల్ల ఎప్పుడు?" అని అడిగింది. ఎత్తిపొడుపైతే ఏదో ఒకటి అనేవాణ్ని. ఆవిడ నిజంగానే అడిగింది. నేను మళ్లీ ఎమ్రీ పేపరు తీశాను.

బల్ల దీపావళి దాటాక తయారైంది. ఒప్పుకోవాలి, బాగానే వచ్చింది. పాత టేకు పలకలు, నునుపైన అంచులు, ఎటు ఊపినా కదలని కాళ్లు. కాళ్ల పొడవు గురించి ఆలోచించనే లేదు. మిషన్ ఎత్తు నాకు హాయిగా ఉంది కదా అని అదే ఎత్తుకు కోశాను. ముందు గదిలోకి మోయించి, ఆవిణ్ని పిలిచి, పక్కకు తప్పుకుని చేతులు కట్టుకున్నాను.

ఆవిడ బట్ట పరిచి కత్తెర పట్టింది. భుజాలు చెవుల దాకా లేచాయి. మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడింది. నా భుజం దాటని మనిషి. ఆ సంగతి నాకు పెళ్లినాడే తెలుసు. కత్తెర కింద పెట్టి, "ఎవరి ఆది పెట్టి కోసినవ్?" అని అడిగింది.

జాకెట్ కుట్టించుకునేవాళ్లు తమ ఒంటికి సరిపోయే పాత జాకెట్ ఒకటి వెంట తెస్తారు. దాన్ని ఆది అంటారు. ఆది లేకుండా మా ఆవిడ ఎవరి బట్టా కొయ్యదు.

"నాదే" అన్నాను.

"మరి జాకెట్లు గూడ నువ్వే కోస్తవా?"

అని, నడుం పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఒక ఇనుప ముక్కకు మూలమూలనా కొలతలు తీశాను. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టానో ఆ మనిషిని ఒక్కసారీ నిలబెట్టి కొలవలేదు.

బిగించేసిన కాళ్లు మిషన్‌కు ఎక్కవు. చేతి రంపంతోనే తగ్గించాలి. ఆవిడ మెడలోంచి టేపు తీసుకుని, "నిలవడు" అన్నాను.

"నాకు కొల్తలా?" అని వింతగా చూసింది. వీధి వీధంతటినీ కొలిచిన మనిషికి, తనను కొలిచేటప్పుడు ఎలా నిలబడాలో తోచలేదు. చేతులు ఎత్తింది, దించింది. నేను మోచేతి దగ్గర టేపు పట్టి నేల దాకా వదిలాను. నిటారుగా నిలబడమంటే రెండుసార్లు ప్రయత్నించింది. నడుం సాగలేదు. అంతగా వంగిపోయిందని నేను అప్పుడే చూశాను.

"గిట్లనే తీసుకోనా?" అని అడిగాను.

ఆవిడ తల వంచి నా వేలు టేపు మీద ఎక్కడుందో చూసింది. పిల్లల జాకెట్లకు ముందుముందు విప్పుకోవడానికి లోపల గుడ్డ వదిలేటప్పుడు మాట్లాడే గొంతుతోనే, "జర ఎక్కువనే ఉంచు. మంచిగైతె నిటారుగనే నిలవడ్త గదా" అంది.