తలుపులు లేని వీధి

ఆ ఏడాది మాంట్రియల్‌లో ఏ బస్సెక్కినా తెలుగు వినపడేది. మనవాళ్ళంతా డేటా అనలిటిక్సో, సప్లై చైనో చదువుతుంటే నేను పాత కట్టడాల పరిరక్షణ చదువుతున్నాను. ఫ్లాట్‌లో ముగ్గురం. నాతో ఉన్న వరంగల్ పిల్ల, గుంటూరు పిల్ల నాకంటే చిన్నవాళ్ళు. ఇద్దరూ ఒకే వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేసేవాళ్ళు. నా చదువు వాళ్ళకి రోజూ దొరికే వినోదం.

"గింత దూరమొచ్చి పాత ఇండ్లు చదువుడేందక్కా? మా తాత ఇల్లు ఫ్రీగనే చూపిస్తుంటి గదా," అనేది వరంగల్ పిల్ల.

చివరి సెమిస్టర్‌లో ప్రొఫెసర్ మేడమ్ చీటీలు తీయించారు. ఒక్కొక్కరికీ ఎక్కడిదో ఒక పాత వీధి. దాని చరిత్ర చదివి, ఫొటోలూ మ్యాపూ చూసి, బల్ల మీద పట్టేంత మోడల్ కట్టాలి. నాకు రష్యాలో ఒక నది ఒడ్డున ఉన్న వ్యాపారుల వీధి వచ్చింది. ఇందులో ఫెయిలైతే సెమిస్టరంతా మళ్ళీ చదవాలి, స్టడీ పర్మిట్ పొడిగించుకోవాలి, వర్క్ పర్మిట్ మాట ఇక మరిచిపోవాలి. అంత ఓపిక నాకూ లేదు, మా ఇంట్లోవాళ్ళకీ లేదు.

అయినా ఆ వీధి నాకు చూడగానే నచ్చింది. ఒకప్పుడు అక్కడంతా చెక్క ఇళ్ళేనట. అగ్నిప్రమాదంలో వీధికి వీధే బూడిదైపోతే, సర్కారు వంకర సందులన్నీ చెరిపేసి తాడు పట్టి గీసినట్టు కొత్త వీధి వేయించింది. వ్యాపారులు కింది అంతస్తు ఇటుకతో కట్టి అందులో సరుకు దాచుకున్నారు, మంటలకు దొరకకుండా. పై అంతస్తు మాత్రం దుంగలతోనే. ఇటుక గదిలో పడుకుంటే చెమ్మకి ఒళ్ళు పాడవుతుందని వాళ్ళ నమ్మకం. కిటికీల చుట్టూ చెక్కలో చెక్కిన అంచులు చూస్తే పట్టుచీర అంచులు గుర్తొచ్చేవి.

ఫొటోల్లో ఒక్కటే లోటు. ఏ ఇంటికీ తలుపు కనిపించలేదు. ఫొటో తీసినవాడికి చేతకాలేదనుకున్నాను. వీధి గుమ్మం లేని ఇల్లెక్కడైనా ఉంటుందా? గుమ్మానికి పసుపు రాసే ఇంట్లో పుట్టినదాన్ని, వేరే అనుమానమే రాలేదు. ప్రతి ఇంటికీ నట్టనడుమ రెండు రెక్కల తలుపు, దాని ముందు మెట్లు, సాయంత్రం కూర్చోవడానికి అటూ ఇటూ అరుగులు పెట్టేశాను. వీధి చూడముచ్చటగా తయారైంది.

మధ్యలో జరిగిన రివ్యూకి ఒక రిటైర్డ్ ఆర్కిటెక్ట్ వచ్చారు. రష్యాలో పుట్టి, కుర్రతనంలోనే ఇక్కడికి వచ్చేసిన పెద్దాయన. నా అరుగుల మీద వేలు పెట్టి చాలాసేపు నవ్వారు.

"వీధి బాగుంది. కానీ జనవరి దాటేసరికి చలికి ఈ ఇళ్ళలో ఎవరూ మిగలరు," అన్నారు.

క్లాసంతా నవ్వింది. మరి తలుపు ఎక్కడుండాలి సార్ అని అడిగితే, అది కనుక్కోవడం నీ పని అన్నారు. ఇలాగే ఉంటే ఫైనల్లో పాస్ చేయలేనని ప్రొఫెసర్ గారు మర్యాదగానే చెప్పారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చాలా రోజులు ఆ పెద్దాయన్ని తిట్టుకుంటూ అరుగులు తీసేశాను, మెట్లు తగ్గించాను. తలుపుల జోలికి మాత్రం వెళ్ళలేదు.

మాంట్రియల్ పాత ఇళ్ళకి వీధివైపు, బయటే పై అంతస్తుకి ఇనప మెట్లుంటాయి. వంపులు తిరిగి ఫొటోలకి భలే ఉంటాయి. ఒక మధ్యాహ్నం గుంటూరు పిల్ల బరువు మోయలేక, దగ్గరదారి కదా అని మంచు గడ్డకట్టిన మా ఇంటి మెట్లెక్కి, బియ్యం సంచీతో సహా జారింది. దెబ్బ తగల్లేదు. సంచీ మాత్రం చిరిగింది.

"ఇంకోసారి ఈ మెట్లెక్కితే ఒట్టు. తిరిగేదంతా వెనక సందులోంచేగా, ఈ ముందు తలుపు ఎవరి సోకుకక్కా?" అంది మంచు దులుపుకుంటూ.

నిజమే. చలి ముదిరాక మేమెవరం ముందు తలుపు వాడలేదు. వెనక సందులో గేటు తీసి, చిన్న పెరడు దాటి, కప్పున్న మెట్లెక్కి, హీటర్ లేని చెక్క గదిలో బూట్లూ కోట్లూ విప్పి, ఇంకో తలుపు తీసుకుని వంటింట్లోకి వచ్చేవాళ్ళం. మా ఇల్లు మొదలయ్యేదే అక్కడ.

ఏరుతున్న బియ్యం వదిలేసి ఫొటోల దగ్గరికి పరుగెత్తాను. ఇంటికీ ఇంటికీ మధ్య ఎత్తైన చెక్క గోడ, దానికి పెద్ద గేటు, గేటుకి చిన్న కప్పు. ఇన్నాళ్ళూ దాన్ని ప్రహరీ అనుకున్నాను. వాళ్ళ సింహద్వారం అదే. పాత మ్యాపులో ఆ గేటు వెంట లోపలికి పోతే ఒక్కొక్కటే దొరికింది. పెరడు, బావి, గుర్రాల కొట్టం, స్నానాల గది, ఇంటి వెనక గోడకి ఆనుకుని మెట్లు, చలిని ఆపే ఒక చెక్క గది, ఆ తర్వాత అసలు తలుపు. వీధికి కిటికీలు చూపించి, బతుకంతా వెనక పెట్టుకున్నారు. నాకు గంతులేయాలనిపించింది, వేశాను. కింద వాటా ఆవిడ సీలింగ్ మీద కర్రతో కొట్టింది.

తలుపులన్నీ పీకేశాను. పిల్లలిద్దరూ వేర్‌హౌస్‌లో పారేసే అట్టలు అడిగి తెచ్చారు. వాటితో పెరళ్ళు కట్టాను. ఫైనల్ రోజు పొద్దున ముగ్గురం మోడల్‌ని పెళ్ళికూతురిలా పట్టుకుని మెట్రోలో తీసుకెళ్ళాం.

పెద్దాయన మళ్ళీ వచ్చారు. ఒక్క తలుపైనా లేని వీధిని ఆ చివర నుంచి ఈ చివరికి చూశారు. "మరి మనుషులు లోపలికెలా వెళ్తారు?" అన్నారు.

వేలితో గేటు నెట్టాను. ఆయన వంగి చూశారు, సరిగ్గా కనపడలేదు. బల్ల చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళారు. ప్రొఫెసర్ గారు వెళ్ళారు. ఆ వెనకే క్లాసంతా వెళ్ళి పెరళ్ళ మీదికి వంగింది. వీధివైపు నేనొక్కదాన్నే మిగిలాను.

"ఎప్పుడైనా ఆ ఊరు వెళ్ళావా?" అన్నారు పెద్దాయన.

"లేదు సార్."

"మరి నీకెలా తెలిసింది?"

"ఇక్కడ ఒక చలికాలం గడిపాను," అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ప్రొఫెసర్ గారివైపు చూసి తలూపారు. పాసయ్యావని ఆవిడ అందరి ముందే చెప్పేశారు. మోడల్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటుందని, వచ్చే బ్యాచ్‌కి మొదటి క్లాసు దాని ముందే చెబుతానని కూడా అన్నారు.

బయట కారిడార్‌లో పిల్లలిద్దరూ షిఫ్ట్‌కి లేటవుతున్నా కదలకుండా కూర్చున్నారు. ఖాళీ చేతులతో వస్తున్న నన్ను చూసి వరంగల్ పిల్ల మొహం వాడిపోయింది.

"ఏమైందక్కా? మోడలేది?"

"పాసయ్యాను. దాన్ని వాళ్ళే ఉంచేసుకుంటారట."

గుంటూరు పిల్ల ఏడ్చేసింది. దాన్ని ఓదారుస్తూ నేనూ ఏడ్చాను. తర్వాత ముగ్గురం మెట్రోకి నడిచాం. చేతులూపుకుంటూ ఇంటికి పోవడం చేతకానివాళ్ళ పని అంటారు మనవాళ్ళు. నేను మాత్రం జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ నడవలేదు.