వ్యాసం కింద పేరు

మా సలోమి మేడం నోట్లో నువ్వుగింజ నానదు. ఏలూరులో మా డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతారు. రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వస్తూ, తెలుగు లెక్చరర్ల ఫేస్‌బుక్ గ్రూపులో ఏదో ఒకటి పెడుతుంటారు. క్లాసులో ఏం చేయించారు, పిల్లలు ఏం రాశారు, అన్నీ. నేను కామర్స్ లెక్చరర్‌ని. "భీమడోలు దాటేలోపే మీ పాఠం లోకమంతా చేరిపోతుందండీ" అని ఏడిపిస్తుంటాను.

పిల్లల రాత పెడితే కింద పేరు, క్లాసు, తండ్రి పేరు, ఊరు ఉండాల్సిందే. ఏళ్ల తరబడి కాలేజీ మ్యాగజైన్ వేసిన చెయ్యి మరి. "పిల్లల రాతలు వాడుకుని పేర్లు మింగేసేవాళ్లను చూశానండీ. నేనలా చెయ్యను" అనేవారు.

మొన్న చలికాలంలో, ఇంట్లోవాళ్లు చేసే పని గురించి రాయమన్నారు. కొల్లేటి ఊరి నుంచి వచ్చే భాగ్యశ్రీ, చేపల చెరువుకి కాపలా ఉండే వాళ్ల నాన్న సత్తిబాబు గురించి రాసింది. చెరువు మీద వాలే పక్షుల్ని ఆయన టపాకాయలు కాల్చి తోలతాడు. ఆదివారం అవే పక్షుల్ని చూడ్డానికి కార్లలో జనం వస్తే, వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపిస్తాడు. నేనే రెండుసార్లు చదువుకున్నాను.

గ్రూపులో మెప్పులే మెప్పులు. మధ్యలో ఒకాయన, "అభయారణ్యం దగ్గర టపాకాయలా? ఎవరిదా చెరువు?" అని అడిగాడు. అడగడం తప్పు కాదు. కానీ పేరూ ఊరూ కిందే ఉన్నాయి. మేడం తీసేసేలోపే ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. అది తిరిగి తిరిగి చెరువు యజమానికి చేరింది. కేసవుతుందన్న భయంతో ఆయన సత్తిబాబును పనిలోంచి తీసేశాడు. భాగ్యశ్రీ కాలేజీకి రావడం మానేసింది.

మంచికి పోతే చెడు ఎదురైంది. మేడం ఆ ఆదివారం చర్చి కూడా మాని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ల ఊరు వెళ్లారు. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న సత్తిబాబుకి చేతులు జోడించారు.

"నా వల్లే మీ పని పోయిందండీ. క్షమించండి."

ఆయన తలెత్తలేదు. వల ముడి వేస్తూనే, "అసలు మా అమ్మాయి ఏం రాసిందండీ? అందరూ చదివారంట. నాకు చదువు రాదు కదండీ" అన్నాడు.

మేడం ఫోన్లో చూసి చదివారు. భాగ్యశ్రీ గుమ్మంలో నిలబడి వింటోంది. పిల్లల్ని ఎత్తుకునే చోటు వచ్చేసరికి సత్తిబాబు వల పక్కన పెట్టేశాడు.

"ఇదంతా ఎప్పుడు చూసిందండీ ఇది!"

"ఇంక ఎక్కడా పెట్టనండీ" అన్నారు మేడం.

"పెట్టండమ్మా. నా పేరు తీసెయ్యండి, ఊరి పేరూ తీసెయ్యండి. రేపు ఇంకొకళ్లు పనికి పిలవాలి కదండీ. మా అమ్మాయి పేరు మాత్రం ఉంచండి."

మేడం అక్కడికక్కడే ఫోన్లో పెట్టబోయి ఆగారు. గుమ్మం వైపు తిరిగి, తానింతవరకూ ఏ పిల్లల్నీ అడగని మాట అడిగారు.

"పెట్టమంటావా అమ్మా?"

భాగ్యశ్రీ వాళ్ల నాన్న వైపు చూసింది.

"నాన్నకి పని దొరికాక పెట్టండి మేడం."

మర్నాడు భాగ్యశ్రీ కాలేజీకి వచ్చింది. ఆ వ్యాసం మేడం ఇంకా పెట్టలేదు.